అది ఖబర్, హుకుం కాదు

పొద్దున 7 కావొస్తోంది. యాప్రాల్ వైపు నుంచి బొల్లారం తిరిగొస్తున్నాను. ఫజర్ నమాజ్ కాగానే సైకిల్ తీయడం, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరడం నా ఆదివారం లెక్క. హ్యాండిల్ మీద అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే సైకిల్ కంప్యూటర్. దాని తెర మీద ఊదారంగు గీత. ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చుని నేనే గీసుకున్న దారి అది. గీత కుడికి తిరిగింది, నేనూ తిరిగాను. రెండు వందల గజాలు పోయానో లేదో, ఎదురుగా గేటు. మూసి ఉంది. ఏ గేటో ఇక్కడ రాయను. మా కంటోన్మెంటు వాళ్లకు అలాంటివి అరడజను తెలుసు.

బ్రేక్ పట్టి కాలు కింద పెట్టాను. ఇసుక బస్తాల వెనక నుంచి ఒక జవాన్ బయటికొచ్చాడు. ముఖం చూస్తే పాతికేళ్లు కూడా ఉండవు, మా మేనల్లుడి ఈడు.

"కిధర్?" అన్నాడు.

"బొల్లారం బజార్. ఇది ఇటే చూపిస్తోంది" అని హిందీలో చెప్తూ తెర మీద వేలు పెట్టి చూపించాను. చూపించాక గానీ నాకు తట్టలేదు, అది చేయకూడని పని అని. ఫౌజు గేటు ముందు నిలబడి, నఖ్షా ఉన్న మెషీన్ తీసి, "లోపల రోడ్డు ఇలా పోతుంది చూడండి" అంటున్నాను.

పేరడిగాడు. చెప్పాను. ఒక లమ్హా ఆగాడు. ఆ ఆగడంలో ఏమీ లేకపోవచ్చు. రాత్రి డ్యూటీ అలసట కావచ్చు, పేరు సరిగ్గా వినబడి ఉండకపోవచ్చు. కానీ యాభై నాలుగేళ్లుగా ఈ పేరుతో తిరుగుతున్న నాకు ఆ ఒక్క లమ్హా ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుసు. తర్వాత అతను మర్యాదగానే అన్నాడు, "చాచా, యే రాస్తా బంద్ హై. పీఛే సే ఘూమ్‌కే జాఇయే." శుక్రియా చెప్పి సైకిల్ తిప్పాను.

తిప్పానో లేదో కంప్యూటర్ బీప్ కొట్టింది. దారి తప్పావంది. ఇంకో పది గజాలకు మళ్లీ బీప్. యూటర్న్ తీసుకో అంది. ముందున్న మనిషి పొమ్మంటున్నాడు, చేతుల మధ్య ఉన్న డబ్బా రమ్మంటోంది. నవ్వొచ్చే సంగతే. కానీ చాలా దూరం పోయేదాకా నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి ఈ బీప్ గురించి ఆలోచిస్తున్నాను. మన దగ్గర ఆదివారం పొద్దున సైకిల్ తొక్కేవాళ్లు పెరిగారు, మాషా అల్లాహ్. దాంతో పాటు ఈ డబ్బాలూ పెరిగాయి. గీత తప్పగానే అది అరుస్తుంది, మనం కంగారుపడతాం, అది చెప్పినట్టు చేస్తాం. నా దావా ఒక్కటే. ఆ బీప్ ఒక ఖబర్. "నువ్వు గీసుకున్న గీత మీద లేవు" అని అది మనకిచ్చే సమాచారం. దాన్ని హుకుం అనుకోవడం దగ్గరే మన గల్తీ మొదలవుతుంది. తిరిగి వెళ్లాలా, ముందుకు పోయి కలుసుకోవాలా, అసలు ఆ గీతనే వదిలేయాలా, ఈ ఫైసలా తొక్కేవాడిది. ఆ ఫైసలా ఇంటి దగ్గరే సగం చేసుకుని బయలుదేరాలి.

ముందు ఆ డబ్బాకు ఏం తెలుసో, ఏం తెలియదో చూద్దాం.

సైకిల్ కంప్యూటర్లలో మోటుగా రెండు రకాలు. ఒకదానిలో నఖ్షా ఉండదు. మనం జీపీఎక్స్ ఫైలు ఎక్కిస్తే అందులో ఉండేవి చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. ఆ చుక్కలు కలిపి గీత చూపిస్తుంది, మనం ఎక్కడున్నామో దాని మీద చూపిస్తుంది, అంతే. గీత నుంచి జరిగితే అరుస్తుంది, మళ్లీ గీత మీదికొస్తే ఊరుకుంటుంది. దానికి రోడ్డు, కాలువ, గోడ, గేటు అన్నీ ఒకటే. రెండో రకంలో నఖ్షా ఉంటుంది. గీత తప్పగానే కొత్త దారి లెక్కగట్టి ఇస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి అఖల్ కూడా ఎక్కువ అనుకుంటాం. బొల్లారం లాంటి చోట ఎక్కువ తిప్పలు పెట్టేది ఈ రెండోదే.

ఎందుకంటే, మనం ఆ దారి ఎందుకు గీసుకున్నామో దానికి తెలియదు. చెట్ల నీడ కోసం గీసుకున్నామా, లారీల నుంచి తప్పించుకోవడానికి గీసుకున్నామా, మధ్యలో చాయ్ కోసం గీసుకున్నామా, దానికేం ఖబర్? అది దూరాన్ని లెక్క వేస్తుంది. మనం తప్పించుకుందామనుకున్న పెద్ద రోడ్డు మీదే తెచ్చి పడేస్తుంది. చుట్టు తిరిగి వచ్చే దారి అయితే ఇంకో తమాషా. పోయే గీత, వచ్చే గీత ఒక చోట పక్కపక్కనే ఉంటాయి. దారి తప్పినప్పుడు కొన్ని మెషీన్లు దగ్గర్లో ఏ గీత ఉంటే దాన్ని అందుకుంటాయి. శామీర్‌పేట పోవాల్సినవాడిని సగం దారిలోనే ఇంటి ముఖం పట్టిస్తాయి. మనం తల వంచుకుని తొక్కుతూ ఉంటాం.

ఇక ఆ నఖ్షా ఎక్కడిది? చాలా సైకిల్ కంప్యూటర్లలో ఉండే నఖ్షాకు ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో మొదలై, ప్రపంచమంతా వాలంటీర్లు ఇల్లిల్లూ, గల్లీ గల్లీ ఎక్కిస్తూ కట్టుకున్న నఖ్షా. గొప్ప పని. కానీ ఎవరో రోడ్డు గీసి, గేటు గీయడం మరిచిపోతే మెషీన్ ఆ రోడ్డు తెరిచి ఉందనే అనుకుంటుంది. పైగా దారి గీసిపెట్టే యాప్‌లు కొన్ని, ఎక్కువమంది తొక్కిన రోడ్డును మంచి రోడ్డుగా లెక్కేస్తాయి. 2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్ గొడవ గుర్తుండే ఉంటుంది. జనం పరిగెత్తిన, తొక్కిన దారులన్నీ వెలుగు గీతలుగా వేసి చూపిస్తే, ఎడారుల్లో ఉన్న ఫౌజీ స్థావరాలు కూడా మెరిసిపోతూ బయటపడ్డాయి. లోపల కసరత్తు చేసే సైనికుల వాచీలే ఆ వెలుగు. మా కంటోన్మెంటు లోపలి రోడ్లకూ అదే జరిగి ఉండొచ్చు. లోపలివాళ్లు రోజూ పరిగెత్తే రోడ్డు బయటివాడి తెర మీద "అందరూ పోయే దారి"గా కనబడొచ్చు. పోయేది అందరూ కాదు. ఇజాజత్ ఉన్నవాళ్లు.

ఇంకో మాట. ఈ డబ్బా మన చుక్కను చూపించే జీపీఎస్ కూడా అమెరికా ఫౌజు కట్టుకున్న వ్యవస్థే. 2000 మే దాకా పౌరులకిచ్చే సిగ్నల్‌ను కావాలనే కాస్త చెడగొట్టి వదిలేవారు. అప్పట్లో అయితే మనం ఏ గల్లీలో ఉన్నామో కూడా ఇంత కచ్చితంగా తెలిసేది కాదు. ఆ చుక్క కూడా ఒక ఫౌజు ఇజాజత్‌తోనే మన హ్యాండిల్ దాకా వచ్చింది.

ఎవరు ఏ దారిన పోవాలి అన్నది బొల్లారానికి కొత్త సవాల్ కాదు. సికిందర్ జా నవాబు పేరు మీద 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ పుట్టింది. బొల్లారం హైదరాబాద్ కంటింజెంట్ ఉండే చోటు. నిజాం పేరు మీద, అంగ్రేజు అఫ్సర్ల కింద నడిచే ఫౌజు అది. మా దగ్గర రిసాలా బజార్ ఉంది. రిసాలా అంటే గుర్రపు దళం. సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తుంటే అల్వాల్‌కు ముందు కావల్రీ బ్యారక్స్ స్టేషన్ వస్తుంది. అదీ గుర్రాల పేరే. ఈ రోడ్లు ముందు గుర్రాల కోసం పడ్డాయి, మనం తర్వాత వచ్చాం.

1855 సెప్టెంబరులో ఇక్కడ జరిగిన సంగతి చూడండి. బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ అప్పటి కమాండర్. ఆ ఏడు ముహర్రం జులూసుల మీద అతను బందిష్ పెడుతూ హుకుం జారీ చేశాడు. సిపాయిలకు అది తమ దీన్‌లో దఖల్‌గా కనిపించింది. జులూసు అతని బంగళా వైపే వచ్చింది. ఆపడానికి అతను బయటికొచ్చాడు. రిసాలా సిపాయిల చేతుల్లో తీవ్రంగా గాయపడి, చావు అంచుల దాకా పోయి బతికాడు. 1857కు ఇంకా రెండేళ్లుంది. ఆ నెత్తుటి కథను నా బీప్‌తో పోల్చడం లేదు, తౌబా. మా బొల్లారంలో దారి అంటే నేల మీద తారు ఒక్కటే కాదని చెప్తున్నాను. దాని వెనక ఎప్పుడూ ఒకరి ఇజాజత్ ఉంది. తెర మీద తారు కనబడుతుంది, ఇజాజత్ కనబడదు.

ఆ ఇజాజత్ రోజుకో రకంగా మారుతుంది కూడా. రాష్ట్రపతి నిలయం మా పక్కనే. 1860లో కట్టిన బంగళా, ఒకప్పుడు రెసిడెంట్ దొరది. 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా జనం చూడొచ్చు. కానీ రాష్ట్రపతి విడిదికి వచ్చిన రోజుల్లో అల్వాల్, లోతుకుంట నుంచే ట్రాఫిక్ ఆపుతారు, మళ్లిస్తారు. రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. అలాంటి పని జరిగే రోడ్డు మీద నిన్న తెరిచి ఉన్న మలుపు రేపు మూసి ఉండొచ్చు. రాత్రి గీసిన గీతకు పొద్దున సంగతి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మా ఆపా కొడుకు సంగతి చెప్తాను. పేరు రాస్తే కోప్పడతాడు. ఇరవై మూడేళ్లు, కాళ్లలో దమ్ముంది. కిందటేడు శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద తిరిగొస్తున్నాం. నేను వెనక. తూంకుంట దాటకముందే ఎడమకు ఒక ఊరి రోడ్డులోకి తిరగాలని గీసుకున్నాం. అక్కడ మట్టి కుప్పలు, ఒక ట్రాక్టరు అడ్డం. వాడు మలుపు చూసుకోకుండా దాటిపోయాడు. బీప్. యూటర్న్ తీసుకో అంది. మధ్యలో డివైడరు. అసలు యూటర్న్ ఇంకా ముందెక్కడో ఉంది. వాడేం చేశాడు? సైకిల్ అక్కడికక్కడే తిప్పి, రోడ్డు అంచున ఎదురు రావడం మొదలుపెట్టాడు. మనవాళ్లు దాన్ని రాంగ్ రూట్ అంటారు. రైట్ రూట్ చూపించడానికి కొన్న మెషీన్ మాట విని పిల్లాడు రాంగ్ రూట్‌లో పడ్డాడు.

పాల వ్యాను ఒకటి లారీని దాటుతూ ఎడమకు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు, వీడు రోడ్డు దిగి మట్టిలోకి దూకేశాడు. మోచేయి చెక్కుకుపోయింది, వెనక గేరు వంగింది. అల్హమ్దులిల్లాహ్, అంతటితో పోయింది. నేను దగ్గరికి పోయేసరికి వాడు కూర్చుని ఉన్నాడు. ముఖం తెల్లబడింది.

"మామూ, అది యూటర్న్ అన్నది కదా" అన్నాడు.

కోపం రాలేదు నాకు. వాడు అబద్ధం చెప్పలేదు. అది యూటర్న్ అన్నది. ఎక్కడ తీసుకోవాలో, ఎలా తీసుకోవాలో చెప్పలేదు. అది చెప్పదని వాడికి నేర్పలేదు, ఆ గల్తీ నాది. వాడికి ఆ డబ్బా కొనిచ్చింది నేనే. ముందుకు పోయి తిరిగొస్తే ఎంత? మహా అయితే రెండు కిలోమీటర్లు ఎక్కువ. లేదా ఆ ఊరి రోడ్డు వదిలేసి, పెద్ద రోడ్డు మీదే జాగ్రత్తగా హకీంపేట మీదుగా ఇల్లు చేరొచ్చు. ఈ రెండూ వాడికి తట్టలేదు. బీప్ మోగితే మనసులో ఒక తొందర పుడుతుంది. స్కూల్లో గంట కొట్టినట్టు.

మీలో కొందరు అంటారు, "ఇంత రాద్ధాంతం ఎందుకు భాయ్, దారి తప్పడంలోనే మజా ఉంది" అని. నిజమే. నేను కూడా ఆ మజా ఎరిగినవాణ్నే. గీత వదిలేసి ఒక చెట్ల రోడ్డులోకి పోతేనే హోలీ ట్రినిటీ చర్చి ముందు తేలాను. 1847 నాటిది. విక్టోరియా రాణి డబ్బిచ్చిన చర్చి అంటారు. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి వచ్చి తన పెళ్లిరోజు ప్రార్థన చేసుకున్నది అక్కడే. ఇన్నేళ్లు బొల్లారంలో ఉండి, ఆ గోడ పక్కన అంతసేపు ఎన్నడూ నిలబడలేదు. ఆ రోజు బీప్‌ను పట్టించుకుని ఉంటే ఆ సుకూన్ దక్కేది కాదు. మంజిల్ ఒక్కటే ముఖ్యం కాదని ముసాఫిర్లందరికీ తెలుసు.

కానీ ఈ మాట అందరికీ ఒకే ఖీమత్‌కు దొరకదు. మాతో అప్పుడప్పుడూ వచ్చే ఒక అమ్మాయి ఉంది, ఇంజినీరింగ్ చదువుతోంది. దారి తప్పడంలో మజా గురించి నేను లెక్చరిస్తుంటే విని, మెల్లగా అంది, "అంకుల్, మీరు తప్పిపోతే ఇంటికెళ్లి కథ చెప్తారు. నేను తప్పిపోతే మా ఇంట్లో సైకిల్ బంద్." నా దగ్గర జవాబ్ లేదు. ఖాళీ రోడ్డులో ఆగి, ఫోన్ తీసి, ఎటు పోవాలా అని చూసే ఆ రెండు నిమిషాలు నాకూ ఆమెకూ ఒకటి కావు. డెలివరీ బ్యాగు మోసే కుర్రాడికీ ఒకటి కావు. వాడు నీలి గీత తప్పితే వాడి కూలి తరుగుతుంది. ఫౌజు గేటు ముందు ఆగినప్పుడు నాకూ, నా పక్కన తొక్కే మిత్రుడికీ ఒకటి కావు. ఆయన పేరు చెప్పి నవ్వుతాడు, నేను పేరు చెప్పి ఆగుతాను. ఇది ఎవరి మీదా ఇల్జామ్ కాదు. ఆ జవాన్ నాకు ఏ అన్యాయమూ చేయలేదు. కానీ ఆ ఖౌఫ్ నా కాళ్లలో ఉంది, అది హకీకత్. బేఫికర్‌గా దారి తప్పగలిగేవాళ్లు, ఆ బేఫికర్‌తనం ఒక దౌలత్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

కాబట్టి "ఎప్పుడూ గీత మీదే ఉండు" అని చెప్పను, "గీతను పారేయి" అనీ చెప్పను. ఆ గీత మనకు ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. బ్రెవే తొక్కేవాళ్లకు ఇది బాగా తెలుసు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తిచేయాలి. మధ్యలో కంట్రోల్ పాయింట్లలో హాజరీ వేయించుకోవాలి. అక్కడ గీత ఒక ఇఖ్రార్‌నామా. అమెరికా రాండోనీర్ల నియమం ప్రకారం దారి తప్పినవాడు ఎక్కడ తప్పాడో సరిగ్గా అక్కడికే తిరిగొచ్చి, అక్కడి నుంచి కొనసాగాలి. ముందుకు పోయి అడ్డదారిలో కలిస్తే చెల్లదు. న్యాయమైన నియమం. ఒప్పుకుని సంతకం పెట్టి వెళ్లాం కాబట్టి పాటించాలి. అయితే వాళ్లు కూడా డివైడర్ దగ్గర రాంగ్ రూట్‌లో రమ్మనలేదు. తిరిగి రమ్మన్నారు, బతికి రమ్మన్నారు.

మన ఆదివారం గీత అలాంటిది కాదు. దాని మీద ఎవరి సంతకమూ లేదు. అది రాత్రి మనం మనకే ఇచ్చుకున్న మష్వరా. పొద్దున రోడ్డు ఇంకో మాట చెప్తే, మష్వరా మార్చుకోవచ్చు. బ్రెవే నియమాన్ని చాయ్ రైడ్‌కు తెచ్చి తగిలించుకుని, తప్పిన మలుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాదానీ.

ఇక అమలు సంగతి. నా తజుర్బాలో పనికొచ్చినవి ఇవి.

తనంతట తాను కొత్త దారి లెక్కగట్టే సెట్టింగును నేను ఆపేశాను. నఖ్షా ఉన్న మెషీన్లలో చాలావాటిలో దాన్ని ఆపొచ్చు, లేదా ముందు మనల్ని అడిగేలా పెట్టొచ్చు. అడిగేలా పెట్టుకోండి. బీప్ మాత్రం ఉంచండి, ఖబర్ కావాలి కదా.

బీప్ మోగితే తొక్కుతూ తెర చూడొద్దు. రోడ్డు పక్కకు దిగి, కాలు కింద పెట్టి, అప్పుడు చూడండి. మూడు సవాళ్లు వేసుకోండి. నేను గీత ఎందుకు వదిలాను, చూసుకోకనా, కావాలనా, గేటు అడ్డమొచ్చా? వెనక్కి పోవడానికి సరైన దారి ఉందా, లేక రాంగ్ రూట్ ఒక్కటేనా? ముందుకు పోతే గీత మళ్లీ ఎక్కడ తగులుతుంది? మూడోదానికి జవాబ్ కోసం తెర మీద నఖ్షాను పెద్దగా కాదు, చిన్నగా చేసి చూడాలి. దగ్గరికి లాగి చూస్తే మన గల్లీ ఒక్కటే కనబడుతుంది, దూరంగా జరిపితే ఊరు కనబడుతుంది.

బయలుదేరేముందు నాలుగు పెద్ద గుర్తులు నోటికి పట్టుకోండి. మా చుట్టు అయితే హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్, గుండ్లపోచంపల్లి, బొల్లారం. డబ్బా చచ్చిపోయినా, చార్జింగ్ అయిపోయినా, ఈ పేర్లు అడుగుతూ ఇల్లు చేరొచ్చు. అడగడానికి షరమ్ పడొద్దు. పొద్దున్నే తెరిచే చాయ్ బండి వాడికి, పాలు పోసేవాడికి, ఆటో అన్నకు ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారో తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు.

పదిమందిని వెంటేసుకుని పోయేవాళ్ల మీద జిమ్మేదారీ ఇంకా ఎక్కువ. ఫైలు వాట్సాప్‌లో పడేసి "కలుద్దాం" అంటే చాలదు. ఎక్కడెక్కడ గేట్లున్నాయి, ఎక్కడ మలుపు తప్పితే వెనక్కి రావొద్దు, తప్పినవాడి కోసం ఎక్కడ ఆగుతాం, ఇవి ముందే చెప్పాలి. అందరికంటే వెనకబడేవాడిని, మొదటిసారి వచ్చిన అమ్మాయిని అడిగి గీత గీయాలి. వాళ్లకు ఇత్మినాన్ ఉన్న దారి మిగతావాళ్లకూ సరిపోతుంది. దమ్మున్నవాడికి సరిపోయే దారి అందరికీ సరిపోదు.

హుకూమత్ వాళ్లకూ ఒక విన్నపం. కంటోన్మెంట్ల చట్టం, 2006లోని 258వ సెక్షన్ ప్రకారం భద్రతా కారణం లేకుండా వీధిని శాశ్వతంగా మూయకూడదు. ఆ కారణంతో మూయాలన్నా జనానికి నోటీసిచ్చి అభ్యంతరాలు అడగాలి. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. సికింద్రాబాద్‌లో ఆ గొడవ అంతటితో ముగియలేదు. ఏది తెరవాలి, ఏది మూయాలి అన్న బహస్ ఇక్కడ చేయను, దేశ భద్రత తెలిసినవాళ్లు చూసుకుంటారు. నేనడిగేది చిన్నది. మూసే రోడ్డుకు బోర్డు గేటు దగ్గర కాదు, రోడ్డు మొదట్లో పెట్టండి. ఏ గంట నుంచి ఏ గంట దాకా మూస్తారో తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లీషులో రాయండి. రోడ్డు మొదట్లో చదివినవాడు ముసాఫిర్‌లా మళ్లిపోతాడు. గేటు దాకా వచ్చి ఆగినవాడు షక్ కింద నిలబడతాడు. ఆ తేడా రెండు వందల గజాలే. మాలాంటి వాళ్లకు అది చాలా పెద్ద దూరం.

మన చేతిలో ఉన్న పనీ ఒకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ జనం నఖ్షా. దాన్ని సరిదిద్దడం అందరి ఫర్జ్. ఫౌజు లోపల ఏముందో మనకెందుకు, ఒక్క గీత కూడా గీయొద్దు. రోడ్డు మీద అందరికీ కనబడే గేటు ఒక్కటి పెట్టి, ఇటు నుంచి పౌరులకు దారి లేదని గుర్తు పెడితే చాలు. దారి గీసే యాప్‌లు దాన్ని చదువుకుంటాయి.

ఆ ఆదివారం ఇంటికి చేరేసరికి 40 నిమిషాలు లేటు. బేగం తలుపు తీస్తూ, "ఏం జీ, ఎక్కడ చిక్కుకున్నారు?" అంది. గేటు సంగతి చెప్పలేదు. దారి కాస్త పొడుగైంది అన్నాను. నాష్తా చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ గేటును నఖ్షాలో పెట్టాను. కొన్ని రోజులాగి, అదే యాప్రాల్, అదే బొల్లారం, మళ్లీ దారి గీసి చూశాను. గీత ఆ రోడ్డు మొదట్లోనే పక్కకు మళ్లి, బయటి నుంచి చుట్టు తిరిగి వచ్చింది. మూడు కిలోమీటర్లు ఎక్కువ. పోనివ్వండి. మా మేనల్లుడి ఈడు పిల్లాడెవరో రేపు ఆ దారి గీసుకుంటే, ఆ గేటు ముందు కాలు కింద పెట్టి పేరు చెప్పుకోవాల్సిన పని ఉండదు.